నియెమ్ మామ్మ ఆఖరి చుక్క

నియెమ్ మామ్మకి బొమ్మలు వెయ్యడం వచ్చు. కవితలు రాయడం వచ్చు. గంటసేపు కదలకుండా మెదలకుండా ధ్యానంలో కూర్చోవడం వచ్చు. రానిదల్లా ఒక్కటే. వేసిన బొమ్మని వదిలిపెట్టడం.

లోకంలో చిత్రకారులు బొమ్మ అమ్మేశాక దాని సంగతి మరిచిపోయి ఇంకోటి మొదలుపెడతారు. మామ్మకి మాత్రం బొమ్మ గడప దాటాకే దాని మీద ప్రేమ పుట్టుకొస్తుంది. ఏదో ఒక మధ్యాహ్నం కొన్నవాళ్ళింటి తలుపు తడుతుంది. "ఇటు పోతూ పోతూ వచ్చాను. టీ ఉందా?" అంటుంది. ఇంటావిడ వంటింట్లోకి వెళ్ళి పొయ్యి మీద నీళ్ళు పడెయ్యగానే, మామ్మ ఆకుల టోపీలోంచి కుంచె తీస్తుంది, సంచిలోంచి ఆల్చిప్ప తీస్తుంది. ఆ చిప్పలో రంగు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. టీ కప్పు పట్టుకుని ఇంటావిడ తిరిగొచ్చేసరికి మామ్మ గోడకి రెండడుగుల దూరంలో, తల ఒక పక్కకి వాల్చి, ఏమీ ఎరగనట్టు నిలబడి ఉంటుంది.

"మామ్మా! మళ్ళీ వేశారా?"

"ఒక్క చుక్కేనమ్మా. ఇదే ఆఖరు."

"పోయినసారీ ఇదే ఆఖరన్నారు!"

"పోయినసారి నాకూ అలాగే అనిపించింది. ఏం చెయ్యను చెప్పు? బుద్ధుడే అన్నాడు కదా, ఏదీ అలాగే ఉండదని."

బుద్ధుణ్ణి అడ్డం పెట్టుకుంటే హ్వే ఊళ్ళో ఇంకెవరు నోరెత్తుతారు? వీధికో పగోడా ఉన్న ఊరు. బుద్ధుణ్ణి కాదంటే పక్కింటివాళ్ళు కూడా ఊరుకోరు. టీ చల్లారిపోతుంది తాగండి మామ్మా అనడం తప్ప ఎవరూ చేసేదేమీ ఉండదు.

పెద్ద పగోడాకి కూడా మామ్మ ఒక బొమ్మ ఇచ్చింది. తామర మొగ్గ, పక్కన రెండు పాదాల కవిత. పదేళ్ళ తర్వాత పెద్ద భిక్షువు గారు దాని ముందు ఆగి, కళ్ళజోడు సర్దుకుని, "నియెమ్ గారూ, ఇది మొగ్గగా ఉన్నట్టు గుర్తు" అన్నారు. "నిజమే స్వామీ" అంది మామ్మ. "ఇప్పుడు పువ్వయింది" అన్నారాయన. "పదేళ్ళయింది కదా స్వామీ. విచ్చుకోక ఏం చేస్తుంది?" ఆయన ఆ సాయంత్రం ప్రవచనంలో సరిగ్గా ఆ మాటే తన మాటగా చెప్పారు. ఆ తర్వాత మామ్మ వచ్చినప్పుడల్లా టీ ఆయనే స్వయంగా తెచ్చిస్తున్నారు, అదీ కాస్త ఆలస్యంగా.

ఇంకో సంగతి. మామ్మ గుర్తింపు కార్డు ఫోటోలో కుడి బుగ్గ మీద పుట్టుమచ్చ ఉంది. మొహం మీద లేదు. ఆఫీసులో గుమస్తా కార్డునీ మనిషినీ మార్చి మార్చి చూసి, "ఈ మచ్చ ఏదండీ?" అని అడిగాడు. "ఉంటే బాగుండేదనిపించింది నాయనా" అని మామ్మ జవాబు. పాపం ఆ గుమస్తా ఏ కాగితం నింపాలో తెలియక మధ్యాహ్నం దాకా తల పట్టుకుని కూర్చున్నాడట.

బొమ్మ అమ్మేటప్పుడు మామ్మ రెండే షరతులు పెట్టేది. అద్దం బిగించకూడదు. తన భుజం ఎత్తుకి మించి వేలాడదీయకూడదు. మామ్మ ఎత్తు నాలుగడుగుల ఏడంగుళాలు. అందుచేత హ్వే ఊళ్ళో సగం ఇళ్ళలో చుట్టాలు నడుం వంచి బొమ్మలు చూసేవారు. దీని మీద ఊరి పత్రికలో ఒకాయన అరపేజీ వ్యాసం రాశాడు. అద్దం లేకపోవడమంటే మనకీ సత్యానికీ నడుమ తెర లేకపోవడమనీ, కిందికి దించడమంటే చూసేవాడికి వినయం నేర్పడమనీ విడమరిచి చెప్పాడు. మామ్మ ఆ కాగితం కత్తిరించి దాచుకుంది. "ఎంత బాగా రాశాడమ్మా! నాకు చెయ్యి అందదని రాస్తే ఇంత అందం వచ్చేదా?" అని మురిసిపోయింది.

ఈ మామ్మకి డెబ్బై ఆరో ఏట మొట్టమొదటి సొంత ప్రదర్శన పెట్టించాలని నడుం కట్టింది త్రామ్.

త్రామ్‌కి ముప్పై ఎనిమిదేళ్ళు. ఆన్ కూ కాలువ గట్టున తన ఇంటి ముందు గదులు రెండూ కలిపి చిన్న చిత్రశాల నడుపుతోంది. పద్ధతి మనిషి. మేకులన్నీ ఒకే వరసలో లేకపోతే అన్నం సహించదు. మామ్మ వీధిలో పోతుంటే "అదుగో చుక్కల మామ్మ" అని జనం నవ్వుతుంటే త్రామ్‌కి ఒళ్ళు మండేది. ఆ బొమ్మల ముందు నిలబడితే తను వచ్చిన పనే మరిచిపోతుంది. అలాంటి మనిషి నవ్వులాటగా మిగిలిపోవడమేమిటి? బతికుండగా ఒక్కసారైనా ఆవిడ బొమ్మలన్నీ ఒక్కచోట చేరాలి, ఆవిడ పేరు గోడ మీద పెద్దక్షరాల్లో ఉండాలి.

"ఎందుకే అమ్మాయ్? ఎవరింటి బొమ్మ వాళ్ళింట్లో హాయిగా ఉంది కదా" అంది మామ్మ.

"మూడు రోజులే మామ్మా. మళ్ళీ ఎవరివి వాళ్ళకి పంపించేస్తాను. ఇంకో మాట. ప్రదర్శన గదిలోకి మీరు కుంచె తేకూడదు."

"అయ్యో, ఒక్కటి కూడానా?"

"ఒక్కటి కూడా."

మామ్మ చాలాసేపు బేరమాడి, ఆఖరికి రెండు పొట్లాల నువ్వుల జీడికి ఒప్పుకుంది.

ప్రదర్శనకి "ఏదీ అలాగే ఉండదు" అని పేరు పెట్టారు. బుద్ధ పౌర్ణమి వారంలో ముహూర్తం. ఇరవై మూడు బొమ్మలు. పటాలు కట్టే లూ మావయ్యకి ఒక మంచి అలవాటుంది. పటం కట్టిన ప్రతి బొమ్మనీ ఆ రోజే ఫోటో తీసి దాస్తాడు. త్రామ్ ఆ ఫోటోలతో అందమైన పుస్తకం అచ్చు వేయించింది. ప్రతి పేజీ కింద "ఇది అసలు బొమ్మ ప్రతిరూపం" అని రాసి సంతకం పెట్టింది. ఒక ప్రతి హనోయ్‌లోని పెద్ద చిత్రశాలకి పంపింది. పది రోజుల్లో జవాబొచ్చింది. వాళ్ళ నిపుణుడు ఖాంగ్ గారు స్వయంగా వస్తారట. బొమ్మలు పుస్తకంలో ఉన్నంత బాగుంటే మామ్మ పేరు మీద ఒక గది శాశ్వతంగా ఇస్తారట. ఆ ఉత్తరం చదివి త్రామ్ గాల్లో తేలిపోయింది. కాలువ గట్టు మీద అటు నుంచి ఇటు రెండుసార్లు ఊరికే నడిచొచ్చింది.

మామ్మ చుక్కల సంగతి ఆమెకి తెలియదా అంటే తెలుసు. ఊరందరికీ తెలుసు. చుక్కే కదా, అనుకుంది. ఏళ్ళ తరబడి పడ్డ చుక్కలు ఎంతవుతాయో లెక్క వేసుకోలేదు.

అదొక్కటే కాదు. బొమ్మలున్నవాళ్ళెవరూ వాటిని ముందుగా ఇవ్వలేదు. "పండగ వారంలో గోడ బోసిగా ఉంచుకుంటామా? ఆ పొద్దున్నే మేమే పట్టుకొస్తాం" అన్నారు. అన్నట్టే వచ్చారు. కొందరు సైక్లో రిక్షాల్లో, కొందరు మోటార్ సైకిల్ మీద భార్య చేత బొమ్మ పట్టించుకుని. అందరూ పండగ బట్టల్లో మెరిసిపోతున్నారు. గుమ్మం ముందు పూలబుట్టలు బారులు తీరాయి. త్రామ్ మొదటి మూట విప్పింది.

రిటైరైన స్టేషన్ మాస్టర్ బిక్ గారిది. పుస్తకంలో అది వానలో తడుస్తున్న ఖాళీ ప్లాట్‌ఫారం. కింద మామ్మ కవిత: "రైలు వెళ్ళిపోయింది, చెయ్యి ఊపడం మిగిలింది." ఎదురుగా ఉన్న బొమ్మలో అదే ప్లాట్‌ఫారం మీద ఒక కుక్క, రెండు గొడుగులు, బుట్ట పట్టుకున్న ఆడమనిషి, ఆవిడ బుట్టలో పనసకాయ. కవితలో "వెళ్ళిపోయింది" కొట్టేసి, "రైలు కాస్త ఆలస్యం, ఈలోగా కూర్చోండి" అని రాసి ఉంది.

త్రామ్ పుస్తకం మళ్ళీ తిరగేసి చూసింది. రెండో మూట విప్పింది. నూడుల్స్ కొట్టు థోయ్ అత్తది. పుస్తకంలో మూడు తామరలున్న కొలను. ఇక్కడ పదకొండు తామరలు, మధ్యలో ఛాతీ విరుచుకుని పోతున్న ఒక బాతు.

"అత్తా, ఈ బాతెక్కడిది?"

"ఆరేళ్ళ నుంచీ ఉందే" అంది థోయ్ అత్త, అదేదో ఇంట్లో మనిషి సంగతి చెబుతున్నట్టు.

మూడోది మంగలి చో అన్న తెచ్చిన బొమ్మ. పుస్తకంలో ఒక భిక్షువు మనకి వీపు చూపించి ధ్యానంలో కూర్చున్నాడు. ఇక్కడ ఆ భిక్షువు పక్కన చెప్పుల జత ఉంది, దోమల చక్రం వెలుగుతోంది, అన్నిటికన్నా ముఖ్యంగా భిక్షువు తిరిగాడు. చెవి కనిపిస్తోంది, బుగ్గ కనిపిస్తోంది, ముక్కు కొస కూడా తెలుస్తోంది.

"ఏడేళ్ళలో ఇంత తిరిగాడు. ఇంకో రెండేళ్ళకి మొహం కనిపిస్తుంది" అన్నాడు చో అన్న గర్వంగా.

ఇరవై రెండు మూటలు విప్పారు. ఇరవై రెండూ ఇంతే. త్రామ్ నేల మీద చతికిలబడింది. లూ మావయ్య తన ఫోటోలని తనే తిట్టుకుంటూ మేకులు కొట్టాడు. ఖాంగ్ గారి రైలు అప్పటికే ఊళ్ళోకి వచ్చేసింది.

మామ్మ ఊదా రంగు పట్టు బట్టల్లో, కొత్త టోపీతో రిక్షా దిగింది. త్రామ్ గుమ్మంలోనే ఆపి సోదా చేసింది. టోపీ అంచులో ఒక కుంచె దొరికింది. చేతి మడతల్లో రెండు. సంచిలో మూడు ఆల్చిప్పలు. అల్లం మురబ్బా డబ్బాలో సిరా సీసా.

"మామ్మా, మనం అనుకున్నదేమిటి?"

"సొంత ఇంటికి వెళ్ళినట్టు ఉండాలంటే అలవాటు సామాను ఉండాలి కదే" అంది మామ్మ నొచ్చుకుంటూ. టోపీ తీసి కిటికీ పక్కన కుర్చీ మీద పెట్టి, జీడి పొట్లం విప్పుకుని కూర్చుంది.

ఖాంగ్ గారు వచ్చారు. యాభై ఏళ్ళ మనిషి, చేతులకి తెల్ల తొడుగులు, మెడలో భూతద్దం, చంకలో పుస్తకం. ఉక్కకి చెమటలు కక్కుతున్నా తొడుగులు తియ్యలేదు. మొదటి బొమ్మ ముందు ఆగారు. మేకు కిందికి ఉండటంతో నడుం వంచారు. పుస్తకం చూశారు, గోడ చూశారు. మళ్ళీ పుస్తకం చూశారు.

"కుక్క ఉంది" అన్నారు.

"ఉందండి" అంది త్రామ్ నీరసంగా.

"పుస్తకంలో లేదు."

"లేదండి."

రెండోది. "బాతు ఉంది." "ఉందండి." మూడోది. ఖాంగ్ గారు భూతద్దం పెట్టి, "దోమల చక్రం?" అన్నారు. "మండుతోందండి" అన్నాడు చో అన్న వెనక నుంచి సాయానికొస్తున్నట్టు. అలా ఇరవై రెండు బొమ్మల ముందూ వంగి వంగి, ఆయన నడుం పట్టేసింది. ఆఖరి బొమ్మ ముందు మాత్రం నిటారుగా నిలబడ్డారు. అది త్రామ్‌ది. పై ఎత్తులో, మందపాటి అద్దం వెనక ఉంది. ఒక వంటిల్లు, పొయ్యి మీద కెటిల్, బల్ల మీద ఒకే ఒక్క కప్పు. "నీళ్ళు మరుగుతున్నాయి, టీ తాగేవాళ్ళేరీ" అని కవిత. పుస్తకంలో ఎలా ఉందో గోడ మీదా అలాగే ఉంది, వెంట్రుకవాసి తేడా లేదు.

"ఇదొక్కటే అసలుది" అన్నారు ఖాంగ్ గారు పుస్తకం మూసి. "మిగతా ఇరవై రెండూ నకిలీవి."

హాల్లో గుసగుసలు లేచాయి. త్రామ్‌కి చెవులు వేడెక్కాయి. మామ్మకి పేరు రావాలనుకుంటే, డెబ్బై ఆరేళ్ళకి నకిలీ బొమ్మల మనిషన్న పేరు వచ్చేలా ఉంది. "నకిలీవి కావండి! అన్నీ మామ్మే వేశారు. కాకపోతే, తర్వాత కూడా వేశారు. చుక్క చుక్కగా. ప్రదర్శన పేరు చూశారా, ఏదీ అలాగే ఉండదు అని..."

"అమ్మాయ్, పేరు పెట్టింది మీరు. సంతకం పెట్టిందీ మీరే" అన్నారాయన. మామ్మ వైపు తిరిగారు. "ఇవన్నీ మీరేనా?"

"నేనే నాయనా. జీడి తింటావా? బుద్ధుడే అన్నాడు కదా, ఏదీ..."

"బుద్ధుడు బాతుని వెయ్యమన్నాడా?"

"వద్దని కూడా అనలేదు."

జనం గొల్లుమన్నారు. ఖాంగ్ గారు నవ్వలేదు. "మామ్మగారూ, మీరు గొప్ప చిత్రకారిణి. అందుకే చెబుతున్నాను. అమ్మిన బొమ్మ కొన్నవాళ్ళది. దొంగచాటుగా దాని మీద చెయ్యి వెయ్యడం తప్పు. వీళ్ళ సొత్తు మీరు పాడుచేశారు. ఈ మాటే రాసిస్తాను, క్షమించండి."

మామ్మ చేతిలో జీడి ముక్క అలాగే ఉండిపోయింది. ఆవిడ మొహం అంత చిన్నబోవడం త్రామ్ ఎప్పుడూ చూడలేదు.

"ఎవడయ్యా పాడయిందని చెప్పింది?" అని అరిచాడు మంగలి చో అన్న. కత్తెర ఆడించినట్టే వేలు ఆడిస్తూ ముందుకొచ్చాడు. "మా నాన్న నాతో పదకొండేళ్ళు మాట్లాడలేదు. అటు తిరిగి పడుకున్నవాడు అటు తిరిగే పోయాడు. ఆయన తద్దినం నాడు మామ్మ వచ్చి ఈ స్వామికి చెవి వేసింది. మరుసటేడు తద్దినానికి బుగ్గ వేసింది. రెండేళ్ళాగితే మొహం వస్తుందని నేను ఎదురుచూస్తుంటే, వీపుగా ఉన్నదే అసలు బొమ్మంటావా నువ్వు?"

"ఆగు చో" అంది థోయ్ అత్త. "తద్దినం నాడా? నా బాతూ అంతే! మా అత్తగారి తద్దినం నాడు పడింది. బతికున్నన్నాళ్ళూ ఆవిడతో ఇరవై ఏళ్ళు పోట్లాడాను బాబూ. పోయాక ఇంట్లో నోరు చేసుకునేందుకు మనిషి లేక పిచ్చెక్కింది. ఆ బాతుని చూడు, నడక అచ్చం మా అత్తగారిదే! రోజూ పొద్దున్నే దాన్ని నాలుగు తిట్టాకే పొయ్యి వెలిగిస్తాను."

బిక్ గారు గొంతు సవరించుకున్నారు. ఆయన ఎప్పుడూ రైలు వేళలు చెబుతున్నట్టే మాట్లాడతారు. "బుట్ట పట్టుకున్న ఆడమనిషి, నాలుగో ఏట. మా ఆవిడ తద్దినం నాడు, మధ్యాహ్నం రెండు నలభై. పనసకాయ ఐదో ఏట. మా ఆవిడ పనసకాయ లేకుండా ఏ ఊరి నుంచీ రాలేదు."

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. వెనక నుంచి ఇంకెవరో "మాకూ ఆ రోజే" అన్నారు. "మాకూ" అని ఇంకొకరు. ఇన్నాళ్ళూ ఎవరికి వాళ్ళు కాకతాళీయం అనుకున్నారు. మామ్మ ఇటు పోతూ పోతూ వచ్చిందనే అనుకున్నారు.

ఆ సందట్లో మామ్మ మెల్లగా లేచి, కిటికీ పక్క కుర్చీ వైపు చెయ్యి చాచింది. త్రామ్ ఆమెకన్నా ముందు ఆ టోపీ అందుకుంది. హ్వే ఊరి టోపీల్లో రెండు ఆకు పొరల నడుమ కాగితంతో కత్తిరించిన పద్యం పెట్టి కుడతారు. వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే కనిపిస్తుంది. మామ్మ తన టోపీ తనే కుట్టుకునేది, అందులో ఏ పద్యముందో ఎవరికీ చూపించేది కాదు. త్రామ్ దాన్ని కిటికీకి ఎత్తి పట్టింది. పది గంటల ఎండ ఆకుల గుండా దిగింది.

పద్యం లేదు. పేర్లున్నాయి.

"బిక్, భార్య, తొమ్మిదో నెల రెండు" అని చదివింది త్రామ్. "థోయ్, అత్తగారు, ఐదో నెల ఇరవై. పోట్లాట కావాలి. చో, తండ్రి, పదో నెల పదిహేడు. ఒక్కడే ఉంటాడు..."

"ఇటివ్వవే టోపీ!" మామ్మ రెండు చేతులూ పైకెత్తి ఎగిరింది. నాలుగడుగుల ఏడంగుళాల మనిషికి అందుతుందా? "మనిషి ఒంటి మీద వస్తువు పదిమందిలో చదవడం మర్యాదా? ముసలిదాన్ని, మతిమరుపు. రాసుకోకపోతే గుర్తుండదు. అంతే! ఉత్త చేతులతో వెళ్ళి, పాపం మీకు దిగులుగా ఉందా అని అడిగితే ఎవరు తలుపు తీస్తారు? చుక్క పెట్టాననుకో, తిట్టడానికైనా కూర్చోబెడతారు."

త్రామ్ అప్పటికే ఆఖరి వరస చూసింది. "త్రామ్, అమ్మ, మూడో నెల పదకొండు."

అమ్మ పోయిన నలభై తొమ్మిదో రోజు కర్మ నాడు మామ్మ ఆ వంటింటి బొమ్మ తెచ్చి చేతిలో పెట్టింది. మర్నాడే త్రామ్ దానికి అద్దం బిగించి, పైన వేలాడదీసింది. తేమకి పాడవుతుందని అందరితో చెప్పింది కానీ, నిజం అది కాదు. బొమ్మలో వంటిల్లు అమ్మ వదిలి వెళ్ళినట్టే ఉంది. దాని మీద ఎవరి చుక్కా పడకూడదు, ఏదీ మారకూడదు, అంతే. ఆ తర్వాత మూడేళ్ళూ మూడో నెల పదకొండున మామ్మ వచ్చింది. మునివేళ్ళ మీద లేచి అద్దాన్ని గోటితో టక్కున కొట్టి, "బావుంది, దుమ్ము పట్టదు" అంది. టీ తాగింది, వెళ్ళింది. మూడుసార్లూ త్రామ్ గెలిచానని సంబరపడింది.

"మావయ్యా, స్క్రూడ్రైవరు ఇలా ఇవ్వండి" అంది త్రామ్.

"అమ్మాయ్!" ఖాంగ్ గారు కంగారు పడ్డారు. "ఉన్న ఒక్క అసలు బొమ్మా అదే!"

"అందుకేనండి."

నాలుగు మరలూ ఊడాయి. అద్దం పక్కకి వచ్చింది. లూ మావయ్య ఎవరూ చెప్పకుండానే మేకు పీకి, మామ్మ భుజం ఎత్తులో కొట్టాడు. త్రామ్ బొమ్మ తగిలించి పక్కకి జరిగింది.

"నా దగ్గర కుంచెలెక్కడివే? అన్నీ నువ్వే లాక్కుంటివి" అంది మామ్మ బింకంగా. అంటూనే కొప్పుకి గుచ్చిన పుల్ల లాగింది. పుల్ల కొసన కుచ్చు ఉంది. సోదా చేసినంతసేపూ నాలుగో కుంచె కొప్పులోనే ఉందన్నమాట.

"రంగో?" అంది త్రామ్ నవ్వాపుకోలేక.

మంగలి చో అన్న జేబులోంచి ఆల్చిప్ప తీశాడు. థోయ్ అత్త సంచిలోంచి ఇంకోటి తీసింది. బిక్ గారు చేతిగుడ్డ విప్పి మూడోది అందించారు. మామ్మ వాళ్ళ వాళ్ళ ఇళ్ళలో వదిలేసి వెళ్ళినవే. "బొమ్మ కనిపిస్తే మామ్మ చెయ్యి ఊరుకోదు కదా అని పట్టుకొచ్చాం" అన్నారు. ఎండిపోయిన రంగుని ఖాంగ్ గారి కప్పులోని టీతో తడిపారు. ఆయన కాదనలేదు.

"మూడేళ్ళవి ఒక్కసారే వెయ్యాలి" అని గొణుక్కుంది మామ్మ. మొదటి చుక్క కెటిల్ మూతి దగ్గర ఆవిరైంది. రెండోది సాగి సాగి బల్ల మీద ఇంకో కప్పయింది. మూడో చుక్కతో "టీ తాగేవాళ్ళేరీ" అన్న మాటలు కొట్టేసి, చిన్న చిన్న అక్షరాల్లో ఏదో రాసింది. అందరూ నడుం వంచి చదివారు.

"నీళ్ళు మరుగుతున్నాయి. ఇంకో కప్పు కడుగు."

"ఇదే ఆఖరు" అంది మామ్మ. హాలంతా ఒక్కసారే, "పోయినసారీ ఇదే ఆఖరన్నారు!" అని అరిచింది.

ఖాంగ్ గారు చాలాసేపటికి తొడుగులు తీశారు. ఇరవై మూడు బొమ్మలూ తమ చిత్రశాలకి కావాలన్నారు. ఒక్కరూ ఒప్పుకోలేదు. "మొహం రానిదే పంపను" అన్నాడు చో అన్న. "నేను పొద్దున్నే ఎవర్ని తిట్టాలి?" అంది థోయ్ అత్త. బిక్ గారు తల అడ్డంగా ఊపారు. పెద్దమనిషి దిగాలుగా నిలబడిపోతే మామ్మకి జాలేసింది.

"బెంగపడకు నాయనా. నీకు కొత్తది వేసిస్తాను. అద్దం మాత్రం బిగించకూడదు."

"సరే" అన్నారాయన.

"ఎత్తు నా భుజం దాటకూడదు."

"మామ్మగారూ, మా హాల్లో బొమ్మలన్నీ ఒకే ఎత్తులో ఉండాలని నియమం..."

"మీ ఇంట్లో తద్దినం ఎప్పుడు?"

ఖాంగ్ గారు మెడలో భూతద్దాన్ని అటూ ఇటూ తిప్పారు. "మా అక్కది. ఎనిమిదో నెల ఆరు. నన్ను తనే పెంచింది. పనుల్లో పడి రెండేళ్ళుగా పెట్టలేదు."

మామ్మ టోపీ అంచు మీద గోటితో చిన్న గుర్తు పెట్టుకుంది.

ఆ ఏడు ఎనిమిదో నెల ఆరున త్రామ్ మామ్మని వెంటబెట్టుకుని రాత్రి రైలెక్కి హనోయ్‌లో దిగింది. చిత్రశాలలో గోడ పొడుగునా బొమ్మలన్నీ ఒకే వరసలో ఉన్నాయి. ఒక్కటి మాత్రం రెండు జానెలు కిందికి ఉంది, అద్దం లేదు. ఖాళీ వాకిట్లో తీగ మీద ఆరేసిన చిన్న పిల్లాడి చొక్కా. మామ్మ కాపలా కుర్రాడి దగ్గరికి వెళ్ళి, "ఇటు పోతూ పోతూ వచ్చాను బాబూ. టీ ఉందా?" అంది.

వాడు తెల్లబోయి లోపలికి చూశాడు. ఖాంగ్ గారు అప్పుడే బయటికి వస్తున్నారు. ఒక చేతిలో పూలు, ఇంకో చేతిలో అరటాకు పొట్లాల్లో తద్దినానికి కొన్న పులగం. మామ్మని చూశారు. మామ్మ కొప్పులో పుల్లని చూశారు.

"వెళ్ళవయ్యా, టీ పట్రా. తొందరేం లేదు" అన్నారు కాపలా కుర్రాడితో. వాడు వెళ్ళాక, మామ్మకి అడ్డుగా నిలబడి, గోడ వైపు తిరిగి, అక్కడ ఏ బొమ్మా లేని చోటుని చాలా శ్రద్ధగా చూడటం మొదలుపెట్టారు.